నాంచారమ్మ టీచరుకో లోపం కావాలి

ఊటబావులపాడు బడిపిల్లలకి చదువొచ్చు. అసలు గొడవంతా అక్కడే మొదలైంది.

వచ్చంటే ముక్కున పట్టుకుని అప్పజెప్పే రకం కాదు. ఒకటో తరగతి పిల్ల కూడా బస్సు మీద బోర్డు చదివి, ఎక్కబోతున్న తాతని చొక్కా పట్టుకు లాగి, "ఇది మనూరికి పోదు తాతా" అని చెప్పగలదు. బడి కిటికీ పక్కన మేసిన మేకలు ఏడో ఎక్కం దగ్గర తప్పు వినబడితే మేత ఆపేస్తాయని బడి కమిటీ ఛైర్మన్ యల్లమందయ్య చెప్తాడు. ఆయన మాటలో సగం తరుగు తీసెయ్యాలి. తీసేసినా చెవులు రిక్కిస్తాయన్న మాట మిగులుతుంది.

దీనికంతటికీ కారణం నాంచారమ్మ టీచరు. పొట్టి మనిషి. రోకటిపోటు లాంటి గొంతు. ఆమె ఈ ఊరు రాకముందు మిరపకోతల కాలంలో బళ్లో మిగిలేది హెడ్మాస్టరు పానకాలరావు గారూ, ఆయన గొడుగూ. ఆడపిల్లలంతా తల్లుల వెంట చేలల్లో ఉండేవాళ్లు. నాంచారమ్మ టీచరు తెల్లారే వచ్చి కోతకూలీల ఆటోకి అడ్డం నిలబడి, అందులోంచి పిల్లల్ని ఒక్కొక్కరినీ బుట్టలోంచి వంకాయలు ఏరినట్టు ఏరుకుని బడికి తీసుకుపోయేది. తల్లులు తిట్టారు. ఆమె పడింది. తర్వాత తల్లులే దింపి పోవడం మొదలుపెట్టారు. అట్టా నిలబడ్డ బడి అది.

ఇట్టా ఉండగా ఆ యేడు పైవాళ్లకి ఓ ఆలోచన వచ్చింది. పైవాళ్లకి ఆలోచన రావడం, కిందవాళ్లకి వడదెబ్బ తగలడం మామూలుగా ఒకే కాలంలో జరుగుతాయి. ఆటగాళ్లకి కోచ్ ఉన్నాడు గదా, పాఠం చెప్పేవాళ్లకి ఎందుకుండకూడదు అన్నారు. ఒక మనిషి వెనక కూర్చుని పాఠం చూసి, ఇక్కడ ఇట్టా చెప్తే బాగుంటదని పక్కకి పిలిచి చెప్తే టీచరు బాగుపడతాడు, పిల్లలూ బాగుపడతారు. ఆలోచన మంచిదే. మంచి ఆలోచనని చెడగొట్టడానికి ఊరంతా అక్కర్లేదు, దాన్ని కొలిచేవాడు ఒక్కడుంటే చాలు.

ఊటబావులపాడుకి వచ్చిన కోచ్ పేరు తేజోవర్ధన్. తెల్ల బూట్లు, చేతిలో ట్యాబు, మొహంలో మంచితనం. ఒకటో తరగతి బెంచీ మీద మోకాళ్లు గడ్డానికి ఆనించి కూర్చుని వారం రోజులు నాంచారమ్మ టీచరు పాఠం విన్నాడు. మధ్యలో ఒకసారి ఆమె ప్రశ్న అడిగితే తెలీకుండానే చెయ్యెత్తాడు కూడా. వారం చివర ఆమె దగ్గరికి వచ్చి, ఇంటివాళ్లకి చావుకబురు చెప్పేవాడిలా నిలబడ్డాడు.

"మేడం, మీలో లోపం దొరకట్లేదు."

"అదృష్టం నాయనా. కాఫీ తాగుతావా?"

"అట్లా కాదు మేడం. మొదటి పేజీలో లోపం రాస్తేనే రెండో పేజీ తెరుచుకుంటుంది."

"లేదని రాయి."

"రాశాను. ఎర్రగీత వచ్చింది. 'దయచేసి నిజాయితీగా నింపండి' అంటోంది."

నాంచారమ్మ టీచరు ట్యాబు వంక చూసింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎంతమంది ఇన్‌స్పెక్టర్లనో చూసింది గానీ, పలక కూడా తనని అనుమానిస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఎర్రగీత జిల్లాకి పాకింది. జిల్లా నుంచి బోధనా పురోగతి అధికారి శేషావతారం గారు జీపులో దిగారు. ఆయన మాట్లాడుతుంటే మైకు లేకపోయినా మైకు ఉన్నట్టే ఉంటుంది.

"అమ్మా, లోపరహిత ఉపాధ్యాయురాలు అనే వర్గం మా వద్ద లేదు. ఉపాధ్యాయుడిలో లోపాన్ని గుర్తించడం, దానిని దశలవారీగా నివారించడం, తద్వారా పురోగతిని సాధించడం, ఇదీ క్షేత్రస్థాయి కార్యాచరణ. లోపం లేనిచోట నివారణ లేదు. నివారణ లేనిచోట పురోగతి లేదు. మీ బడి పురోగతి సున్నా."

"పిల్లలకి చదువొచ్చు గదండీ."

"రావడం వేరు, వస్తూ ఉండటం వేరు. వచ్చేసిన చదువు గతించిన విషయం. రాకుండా ఉండి వస్తే దానిని పురోగతి అంటాం. ప్రభుత్వం పురోగతికి కట్టుబడి ఉంది."

"మరి సున్నా వస్తే ఏమయిద్దండీ?"

"ఈ సంవత్సరాంతానికి సున్నా బడులను పురోగతి గల సమీప బడులలో విలీనం చేస్తాం. మీకు సమీపం గుండ్లదిన్నె."

గుండ్లదిన్నె నిజంగానే దగ్గర. కోడి కూస్తే వినబడుతుంది. కాకపోతే మధ్యలో నాలుగు వరసల రోడ్డుంది. ఆ రోడ్డు మీద లారీలు పోతుంటే గేదెలు కూడా దాటే ముందు ఒకదాని మొహం ఒకటి చూసుకుంటాయి. ఒకటో తరగతి పిల్లని ఏ తల్లీ దాన్ని దాటించదు. దాటించే బదులు మిరపచేలోకి తీసుకుపోతుంది. ఆ సంగతి నాంచారమ్మ టీచరుకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

మర్నాడు బడి కమిటీ కూర్చుంది. యల్లమందయ్య, పానకాలరావు గారు, తేజోవర్ధన్, నాంచారమ్మ టీచరు. నిర్ణయం అనే మాట వినబడగానే పానకాలరావు గారు పొట్ట పట్టుకున్నారు. ఆయనకది సర్వీసులో చేరినప్పట్నుంచీ ఉన్న జబ్బు.

"లోపానికేం కరువమ్మా," అన్నాడు యల్లమందయ్య. "మా ఇంటిదాన్ని పిలువు, నాకు ఒక్కపూటలో బండెడు చెప్పిద్ది. నీకూ ఒకటి కుదురుద్దాం. సంబంధం కుదర్చడం కంటే కష్టమా ఏంది?"

సంబంధం కుదర్చడమే తేలికని అరగంటలో తేలిపోయింది. కోపం అని రాద్దామంటే అది శిక్షణకి పోదట, నోటీసుకి పోతుందట. ఆలస్యంగా వచ్చిద్దని రాద్దామంటే జీతం కోసేస్తారట. చెముడు అందామంటే డాక్టరు కాగితం కావాలట. పొట్టిగా ఉందని రాద్దామన్నాడు యల్లమందయ్య. పొట్టితనంలో దశలవారీ పురోగతి చూపించడం కష్టమన్నాడు తేజోవర్ధన్.

చివరికి కోచే దారి చూపించాడు. "ఒకటుంది. దృష్టి సమతుల్యత లోపించడం. అంటే టీచరు తరగతిలో ఒక పక్కనే చూస్తూ పాఠం చెప్పడం. చాలామందికి ఉంటుంది. కేసూ ఉండదు, కోతా ఉండదు."

"బంగారం లాంటి లోపం," అన్నాడు యల్లమందయ్య. "పెట్టుకోమ్మా. నీకు నప్పిద్ది."

"ఏ పక్క?" అంది నాంచారమ్మ టీచరు.

దానిమీద మళ్లీ గంట. కుడి పక్క యల్లమందయ్య మనవరాలు కూర్చుంటుంది. ఎడమ పక్క ఆయనతో మాటల్లేని తమ్ముడి పిల్లలు కూర్చుంటారు. ఎడమకి చూస్తే అన్యాయం, కుడికి చూస్తే ఊళ్లో మాటొస్తుంది. ఆఖరికి, మాట పడటం కంటే అన్యాయం పడటమే మర్యాదని, యల్లమందయ్య గుండె రాయి చేసుకుని ఎడమకే ఒప్పుకున్నాడు.

నాంచారమ్మ టీచరు లోపాన్ని శ్రద్ధగా సాధన చేసింది. ఆమెకి ఏదైనా శ్రద్ధగా చెయ్యడం తప్ప వేరే తెలీదు. ఇంట్లో ఎడమ పొయ్యి మీద పప్పు అమృతంలా కుదిరేది, కుడి పొయ్యి మీద కూర మాడేది. బళ్లో మెడ ఎడమకి బిగించి పాఠం చెప్పింది. కుడి పక్క పిల్లలు మొదట దగ్గారు. తర్వాత లేచి నిలబడ్డారు. తర్వాత ఒక్కొక్కరే పలకా సంచీ తీసుకుని, పిల్లి నడకలో వచ్చి ఎడమ పక్క దూరారు. వారం తిరిగేసరికి తరగతంతా ఎడమ గోడకి అతుక్కుపోయింది. ఆ బరువుకి బడి ఒక పక్కకి ఒరిగిందని, వరండాలో వేలాడదీసిన ఇనప గంట కూడా ఏటవాలుగా నిలబడిందని పానకాలరావు గారు ఒట్టేసి చెప్తారు. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. అబద్ధమాడాలన్నా ముందొక నిర్ణయం తీసుకోవాలి గదా.

తేజోవర్ధన్ శిక్షణ మొదలుపెట్టాడు. ఈ వారం ముక్కు నల్లబల్ల మధ్యకి రావాలి. వచ్చే వారం తలుపు దాకా. ఆపై వారం నీళ్లకుండ దాకా. ఆమె మెడ జరిగిన కొద్దీ ట్యాబులో పచ్చగీత పాకింది. పిల్లలు కూడా మెడ వెంబడే జరుగుతూ పొద్దుతిరుగుడు చేలా తిరిగారు. శేషావతారం గారి దగ్గర నుంచి అభినందన వచ్చింది, మెడ విషయంలో మీ బడి జిల్లాలోనే ప్రథమం అని. ఊళ్లో చిన్న పండగ చేసుకున్నారు. యల్లమందయ్య బూందీ పంచాడు.

మెడ కుడి గోడ దాకా వచ్చి ఆగింది. పచ్చగీత కూడా ఆగింది. ఆగిన చోట మళ్లీ ఎర్రబడింది.

శేషావతారం గారు మళ్లీ దిగారు. "ఏమిటీ స్తబ్దత?"

"లోపం పోయిందండీ. రెండు పక్కలా చూస్తున్నా," అంది నాంచారమ్మ టీచరు.

"పోవడం కాదమ్మా, పోతూ ఉండాలి. పురోగతి నిరంతర ప్రక్రియ."

"ఇంకా తిప్పాలంటే మొహం వీపు మీదికి రావాలి సార్," అన్నాడు యల్లమందయ్య.

"దాని సాధ్యాసాధ్యాలు పరిశీలించవలసి ఉంటుంది," అని శేషావతారం గారు నిజంగానే రాసుకున్నారు. రాసుకుని, కళ్లజోడు తీసి, మెత్తగా అన్నారు. "చూడమ్మా, మీకు లోపాల నిర్వహణలో అనుభవం లేదు. అందులో నిష్ణాతుడు ఒకాయన ఉన్నారు. వారి దగ్గర మీకు ఒక వారం శిక్షణ ఏర్పాటు చేస్తున్నాను. గుండ్లదిన్నె కుటుంబరావు గారు. ఈ జిల్లాలో నెలనెలా తప్పకుండా పురోగతి చూపిస్తున్న ఏకైక ఉపాధ్యాయుడు."

కుటుంబరావు మాస్టారు అంటే ఆ చుట్టుపక్కల తెలీనివాళ్లు లేరు. ఆయన బళ్లో నిద్రపోతాడు. అదేమంత విశేషం కాదు, నిద్రపోయేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈయన నిద్రలో ఓ నిండుదనం ఉంటుంది. కుర్చీ వాల్చి, కాళ్లు బల్ల మీద చాపి, మొహాన తువ్వాలు కప్పి ఆయన గురక పెడితే, నాలుగు వరసల రోడ్డు మీద లారీవాళ్లు వెనక ఏదో పెద్ద బండి వస్తోందని పక్కకి తప్పుకునేవాళ్లట.

నాంచారమ్మ టీచరు వెళ్లేసరికి ఆయన ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి పడుకుని ఉన్నాడు. పిల్లలు కింద కూర్చుని అష్టాచెమ్మా ఆడుతున్నారు.

"రా చెల్లెమ్మా, కూర్చో," అన్నాడు తెరిచిన కంటితో. "నువ్వొస్తావని చెప్పారు. నీ సంగతంతా విన్నా. నువ్వు చేసిన పొరపాటేందో తెలుసా? ఉన్న ఒక్క లోపాన్నీ ఒక్క నెల్లో తినేశావు. లోపమంటే ఏంది? పాతరేసిన జొన్నలు. గుప్పెడు గుప్పెడు తియ్యాలి."

"నాకు తెలీలేదు అన్నయ్య గారూ."

"జూన్‌లో నేను రెండు కళ్లూ మూసి గురక పెట్టేవాణ్ణి. జులైలో గురక మానేశా. మా కోచ్ పాపం సంతోషం పట్టలేక కళ్లు తుడుచుకున్నాడు. ఆగస్టులో కాళ్లు బల్ల మీంచి దించా. దానికి శాలువా కప్పారు. పోయిన నెల ఈ కన్ను తెరిచా. ఇదుగో, ఆ రెండో కన్నుంది చూశావా, అది దసరా అయినాక."

"మరి పాఠం ఎప్పుడు చెప్తారండీ?"

"ఆ మజిలీ రిటైరయ్యేలోపు రాదమ్మా. నువ్వేం బెంగ పెట్టుకోకు." ఆయన పక్క కుర్చీ చూపించాడు. "ముందు నడుం వాల్చడం నేర్చుకో. వెనక్కి. ఇంకా వెనక్కి. వెన్నెముక ఉందన్న సంగతి మర్చిపోవాల."

ఆమె వాలింది. కళ్లు మూసుకుంది. నిద్ర రాలేదు. ఒక కన్నుతో పడుకోవడం ఆయన చూపించాడు, ఆమెకి రెండూ కలిసి తెరుచుకుంటున్నాయి. కుటుంబరావు మాస్టారు ఓపిగ్గా నేర్పాడు. ఆ విషయంలో ఆయన మంచి గురువనే చెప్పుకోవాలి. తువ్వాలు తడిపి ఆమె కళ్ల మీద వేశాడు, పక్కన కూర్చుని సన్నగా ఆవలించాడు. ఆ ఆవలింత తరగతంతా పాకింది. ఆమె దాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే సరిగ్గా అప్పుడే, కింద గవ్వలు లెక్కపెడుతున్న పిల్ల ఒకతి, "ఏడూ ఆరూ పన్నెండు" అంది.

నాంచారమ్మ టీచరు పళ్లు బిగబట్టింది. "పన్నెండు, దానికి నాలుగు కలిపితే పద్నాలుగు" అంది పిల్ల. ఇంక ఆమె వల్ల కాలేదు. తువ్వాలు తీసి బల్ల మీద పెట్టి, కుర్చీ దిగి నేల మీద కూర్చుంది. "ఏదమ్మా, ఆ గవ్వలిట్టా తే."

అంతే. ఆ వారమంతా ఆమె లేవలేదు. కుటుంబరావు మాస్టారు మొదట నొచ్చుకున్నాడు, తర్వాత సర్దుకున్నాడు, ఆ తర్వాత తెరిచిన ఆ ఒక్క కన్ను కూడా మూశాడు. వారం చివర పిల్లల్ని పరీక్షిస్తే గుండ్లదిన్నె పచ్చగీత కొబ్బరిచెట్టెక్కింది. ఒక్క కన్ను తెరిచే ఇంత సాధించిన మనిషి రెండూ తెరిస్తే రాష్ట్రం తట్టుకుంటుందా అని జిల్లాలో చర్చ జరిగింది. ఆయనకి ఇంకో శాలువా కప్పారు. నాంచారమ్మ టీచరు గురించి మాత్రం శేషావతారం గారు ఒక్కమాటలో తేల్చేశారు, "శిక్షణకు స్పందించలేదు." వచ్చే సోమవారం చివరి పరిశీలన, అప్పుడూ సున్నా వస్తే విలీనం ఖాయం.

అంటే ఆమె తన చేత్తోనే ఎదుటి బడిని ఎత్తి, తన బడిని కింద పెట్టింది. ఇంటికొచ్చి ఆ మాట అనుకుని నవ్వబోయింది, నవ్వు రాలేదు.

ఆదివారం సాయంత్రం సామ్రాజ్యం వచ్చింది. కోతకూలీ. ఆమె కూతురు లక్ష్మీతిరుపతమ్మ ఒకటో తరగతి.

"టీచరమ్మా, పిల్లలకి లెక్కలొచ్చినందుకు బడి పోయిద్దంటన్నారు, నిజమేనా?"

"అట్టాంటిదే."

"అయితే ఆ లెక్కలు తీసేసుకోమ్మా. మాకొద్దు. బడి ఉంటే చాలు. నా పిల్లని ఆ రోడ్డు మీద వదిలిపెట్టలేను, చేలో కూర్చోబెట్టుకుంటే నీ మొహం చూళ్లేను."

వెనకే యల్లమందయ్య వచ్చాడు. ఆయన దగ్గర ఉపాయం ఉంది. "రేపు పిల్లలంతా ఏమడిగినా రాదని చెప్తే సరి. రాదు, తెలీదు, అంతే. సున్నా కాడ్నుంచి మొదలు. ఏడాది పొడుగునా పైకి పాకిద్దాం. వచ్చే జూన్‌లో మళ్లీ మర్చిపోతారు. ఊరంతా మర్చిపోదాం, నేను నా పేరు కూడా మర్చిపోతా, ఏం పోయింది?"

నాంచారమ్మ టీచరుకి సామ్రాజ్యం మొహం చూస్తే ఒప్పుకోవాలనే ఉంది.

"మొద్దుల్లాగా ఉండమని నేర్పాలన్నా నేనే నేర్పాల యల్లమందయ్య గారూ. అదీ బాగానే నేర్పుతా. నా ఖర్మ అది." ఆమె సామ్రాజ్యం వైపు తిరిగింది. "రేపు ఆఫీసరు ముందు రాదని చెప్పిన పిల్ల, ఎల్లుండి కూలి లెక్క కట్టే దళారి ముందు కూడా రాదనే చెప్పిద్ది. అది నా వల్ల కాదమ్మా. వేరే ఏదన్నా చూస్తా."

వేరే ఏదో ఆమెకీ తెలీదు.

సోమవారం శేషావతారం గారి జీపు వచ్చింది. తేజోవర్ధన్ ఆయన వెనక తల దించుకుని నడిచాడు. వారం నుంచీ అతనికీ నిద్ర లేదు. ఈ బడి మూతపడటానికి మొదటి ఎర్రగీత గీసింది తన వేలే గదా. పానకాలరావు గారు ముందు జాగ్రత్తగా పొట్ట పట్టుకునే ఎదురెళ్లారు. కిటికీల దగ్గర ఊరంతా ఉంది.

శేషావతారం గారు కుర్చీలో ఆసీనులయ్యారు. "కానివ్వండమ్మా. చివరి అవకాశం."

నాంచారమ్మ టీచరు చాక్‌పీసు బల్ల మీద పెట్టేసింది. "సార్, మెడ తిప్పమంటే తిప్పా. పడుకోమంటే పడుకున్నా. ఎట్టా చెప్పాలో నోటితో చెప్పారు గానీ, ఎవరూ చెప్పి చూపించలా. ఈ బాబు మా కోచ్ గదా. ఒక్క పాఠం చెప్పమనండి. చూసి నేర్చుకుంటా."

శేషావతారం గారి మొహం వెలిగింది. "నమూనా బోధన. మార్గదర్శకాల్లో ఉంది. ఎవరూ అడగరు గానీ, ఉంది. వర్ధన్, కానివ్వండి."

తేజోవర్ధన్ బోధన మీద చాలా చదివాడు. బోధించేవాళ్లకి ఎన్నో చెప్పాడు. పిల్లల ముందు మాత్రం ఎన్నడూ నిలబడలేదు. ఈత మీద పుస్తకం రాసినవాణ్ణి మోటబావిలోకి దింపినట్టయింది.

"ప్రియమైన అభ్యాసకులారా," అన్నాడు.

పిల్లలు వెనక్కి తిరిగి చూశారు, ఎవరొచ్చారా అని.

"ఈనాటి మన అభ్యసన లక్ష్యం వ్యవకలన భావనను అవగాహన చేసుకోవడం."

ఒకటో తరగతి వాడొకడు చిటికెనవేలు చూపించాడు. తేజోవర్ధన్ పొమ్మన్నాడు. ఆ ఒక్క మాటతో డ్యాం గేటు ఎత్తినట్టయింది. సగం తరగతి చిటికెనవేళ్లు చూపిస్తూ బయటికి పరుగెత్తింది. మిగిలినవాళ్లు దగ్గరికొచ్చి బూట్లు పట్టి చూశారు. ఒకడు తాడు ఊడదీశాడు. ఒకతి ట్యాబు మీద వేలు పెట్టి గీసింది, ఎక్కడో పాట మోగింది. తీసివేతకి తెచ్చిన చింతపిక్కలు అప్పటికే రెండు జట్లుగా పంచేసుకుని ఆట మొదలుపెట్టారు. "దయచేసి, దయచేసి" అన్నాడు తేజోవర్ధన్. ఆ మాట ఆ తరగతిలో అంతకుముందు ఎవరూ వాడలేదు. పిల్లలకి నచ్చింది. అందరూ అందుకున్నారు.

కిటికీల దగ్గర ఊరు నవ్వింది. శేషావతారం గారు గొంతు సవరించుకుని ఏదో రాసుకున్నారు. తేజోవర్ధన్ నల్లబల్లకి వీపు ఆనించి నిలబడ్డాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నాంచారమ్మ టీచరు కూడా నవ్వుదామనే వెనక బెంచీ మీద కూర్చుంది. నవ్వలేకపోయింది. రాని మనిషిని కళ్లెదురుగా చూస్తే ఆమెకి చేతులు దురద పెడతాయి. అది గుండ్లదిన్నెలోనే తేలిపోయిన సంగతి.

"వర్ధనుబాబూ," అంది అక్కణ్ణుంచే. "అరవబాక. గొంతు తగ్గించు."

అతను తగ్గించాడు.

"ఇంకా తగ్గించు. వినబడకపోతే వాళ్లే దగ్గరికొస్తారు. ఆ ట్యాబు ఇట్టా నాకియ్యి. నిలబడబాక, కింద కూర్చో. ప్యాంటు మాసిద్ది, మాసిపోనీ. ఆ పిల్ల పేరు లక్ష్మీతిరుపతమ్మ. పేరు పెట్టి పిలువు."

అతను కింద కూర్చున్నాడు. "లక్ష్మీతిరుపతమ్మా," అన్నాడు గుసగుసగా. ఆ పిల్ల వచ్చి ఎదురుగా కూర్చుంది. పేరు పిలిపించుకోవాలని ఇంకో ఇద్దరొచ్చారు.

"నీ దగ్గర తొమ్మిది పిక్కలున్నాయి కదా. నాలుగు నాకిస్తే నీ దగ్గర ఎన్నుంటాయి?"

"నేనియ్యను."

"ఇచ్చావనుకో."

"అనుకోను."

తేజోవర్ధన్ దిక్కులేక వెనక బెంచీ వంక చూశాడు.

"ఇయ్యనంటే లాక్కో," అంది నాంచారమ్మ టీచరు.

అతను గబుక్కున నాలుగు పిక్కలు లాక్కున్నాడు. లక్ష్మీతిరుపతమ్మ గుక్కపట్టి, "ఇంక అయిదే ఉన్నాయి నాకాడ" అని గోల పెట్టింది. తరగతి ఘొల్లుమంది. అతనూ నవ్వేశాడు. నవ్వాక భుజాలు వదులయ్యాయి. తర్వాత ఇంకొకడి దగ్గర లాక్కున్నాడు. తర్వాత వాళ్లు అతని దగ్గర లాక్కున్నారు. బయటికి పోయినవాళ్లంతా ఏం మిస్సయిపోతుందో అని పరుగెత్తుకొచ్చారు. మధ్యాహ్నం గంట కొట్టినా తేజోవర్ధన్ లేవలేదు. "ఇంకొక్క లెక్క" అంటున్నాడు. గుడ్లు చల్లారిపోతున్నాయని వంటామె వచ్చి కేకేస్తే గానీ వదల్లేదు.

శేషావతారం గారు తన ట్యాబు వంక చూసుకుంటూ ఉండిపోయారు. పొద్దున సున్నా. మధ్యాహ్నానికి గీత పై అంచు తగిలి, ఎక్కడికి పోవాలో తెలీక అక్కడే కొట్టుకుంటోంది.

"ఇంత నిటారు గీత నా సర్వీసులో చూడలేదు," అన్నారు. తర్వాత ముఖం ముడుచుకుంది. "కానీ ఇది టీచరు పురోగతి కాదే. కోచ్‌ది."

"లోపం ఎవరిదైతే ఏందండీ," అంది నాంచారమ్మ టీచరు. "తీరింది మా బళ్లోనే గదా."

శేషావతారం గారు మార్గదర్శకాలు తిరగేశారు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి. "బడి ఆవరణలో నమోదైన బోధనా పురోగతి అని ఉంది," అన్నారు చాలాసేపటికి. "ఎవరిదన్నది స్పష్టపరచలేదు." జిల్లాలోకెల్లా పొడుగు గీత చేతిలో పెట్టుకుని వదిలిపెట్టే అధికారి ఇంకా పుట్టలేదు. ఆయన మనసు కుదుటపడింది. అంతలోనే మళ్లీ కలత పడింది. "అయితే ఈయన నెలాఖరుకి పూర్తిగా బాగుపడిపోతాడు. అప్పుడు నిరంతరత దెబ్బతింటుంది."

"ఇంకొకర్ని పంపండి సార్," అన్నాడు కిటికీలోంచి యల్లమందయ్య. "మీ దగ్గర కోచ్‌లకి కరువా?"

లేదు. శేషావతారం గారు ఆ విషయంలో చాలా ధైర్యంగా ఉన్నారు.

అట్టా ఊటబావులపాడు బడి నిలిచింది. ఎన్నడూ పాఠం చెప్పి ఎరగని కోచ్‌లని నెలకొకర్ని ఆ బడికి పంపాలని, ఎంత రానివాళ్లైతే అంత మేలని ఉత్తర్వు వచ్చింది. తేజోవర్ధన్‌కి పాఠం చెప్పడం వచ్చేసింది గనక కోచ్ ఉద్యోగానికి పనికిరాడని తేల్చి, మామూలు టీచరుగా గుండ్లదిన్నెలో వేశారు. అతను అక్కడ నేల మీద కూర్చుని పిక్కల లెక్కలు చెప్తుంటే, కుటుంబరావు మాస్టారు దసరా దాకా దాచుకున్న కన్నుని శాశ్వతంగా దాచేసుకున్నాడు.

మరుసటి నెల కొత్త కోచ్ దిగాడు. ఇస్త్రీ చొక్కా, పెద్ద డిగ్రీలు. ఎక్కడ కూర్చోవాలో తెలీక గుమ్మంలో నిలబడిపోతే, నాంచారమ్మ టీచరు ఒకటో తరగతి వరస చూపించింది. అతను వెళ్లి లక్ష్మీతిరుపతమ్మ పక్కన బెంచీ అంచు మీద కూర్చున్నాడు. ఆ పిల్ల అతన్ని కిందా మీదా చూసి, "నువ్వెన్నో తరగతి?" అంది.

అతను టీచరు వంక చూశాడు.

"ఒకటేలేమ్మా," అంది నాంచారమ్మ టీచరు. "కాస్త జరిగి చోటియ్యి."